పేరు పట్టీ

ఆ ఏడు మే నెలాఖరున మా తమ్ముడు ఆంబ్రోస్ ఒక సోడా బోర్డును ట్రక్కులోంచి దింపి వాకిట్లో చెట్టుకు ఆనించాడు. నేను ముందుగా చూసింది దాని మీద ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని.

ఉన్నదానికేమీ లోటు లేదు. ముదురాకుపచ్చ ఎనామిల్ మీద పసుపు అక్షరాలు: హాస్కెల్ జింజర్ సోడా. పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ నీలికొంగ. ఎడమవైపు పై మూలన అరచేయంత మేర ఎనామిల్ లేచిపోయి నల్లటి ఇనుము కనిపిస్తోంది. ఆ మచ్చను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. బోర్డును గోడకు బిగించక ముందు ఏడేళ్ళ ఆంబ్రోస్ పాల క్యాను దొర్లించుకుంటూ వచ్చి దానికి గుద్దాడు.

"ఇది మనది," అన్నాను.

"మనదే!" ఆంబ్రోస్ టోపీ వెనక్కి నెట్టుకుని, డెబ్బై ఒక్కేళ్ళ మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "నది అవతల ఓ గడ్డి కొట్టంలో దొరికింది టిల్లీ. అమ్మ కొట్టు మూసేసినప్పుడు పోయింది, మళ్ళీ ఇప్పుడు ఇంటికొచ్చింది. ఏమంటావ్?"

"పేరు పట్టీ ఏదంటాను."

అతని నవ్వు అక్కడే ఉంది కానీ కళ్ళు ట్రక్కు వైపు వెళ్ళాయి. "లేదు. ఇలాగే దొరికింది. అందరూ కోసేస్తార్లే. పేర్లెవరిక్కావాలి, జనానికి కొంగ కావాలి."

ఆ రోజుల్లో సోడా కంపెనీలు ఇలాంటి బోర్డులను ఊరికే ఇచ్చేవి. తమ బొమ్మకు ఒక గోడ దొరికినందుకు బదులుగా, అడుగున జానెడు వెడల్పు పట్టీలో దుకాణదారు పేరు రాయించేవి. మా పట్టీ మీద తెల్లటి అక్షరాల్లో 'మిసెస్ రోసీనా టెబ్బె, సరుకులు' అని ఉండేది. కంపెనీ మనిషి మర్యాదకొద్దీ మా నాన్న పేరు రాస్తానన్నాడట. అప్పటికి నాన్న పోయి ఏడాదయింది. "చచ్చిపోయినాయన చక్కెర తూచడు, నా పేరు రాయండి," అంది అమ్మ. దక్షిణ ఇండియానాలో మా చుట్టుపక్కల ఆడమనిషి పేరున్న దుకాణం బోర్డు నాకు తెలిసినంతలో అదొక్కటే.

నేను జీవితమంతా కౌంటీ గ్రంథాలయం నడిపిన మనిషిని. పేరు చించేసిన వస్తువును సంపాదన అనుకోను, దొంగసొత్తు అంటాను. ఆ మాటే ఆంబ్రోస్‌తో అన్నాను. "నువ్వు చూపించు, ఎక్కడ కొన్నావో. శనివారం వెళ్దాం. పట్టీ అక్కడే ఎక్కడో పడి ఉంటుంది."

"వేడిగా ఉంటుంది టిల్లీ. ట్రక్కులో గాలి కూడా రాదు."

"అద్దాలు దించుకుందాం."

అతను భార్య పోయాక నా ఇంటికి వచ్చాడు. వెంట ఒక పెట్టె, ఒక కాఫీ మర తెచ్చుకున్నాడు. కాఫీ మర కూర్చున్న చోట మరొకటి చేరింది. తర్వాత దారపు ఉండల బీరువాలు, జున్ను కోసే చట్రాలు, పొగాకు డబ్బాలు, బూటు పాలిష్ రేకులు వచ్చాయి. భోజనాల గదిలో కూర్చోవడానికి నాలుగు కుర్చీలుంటే తూచడానికి అంతకంటే ఎక్కువ తక్కెడలున్నాయి. ఆ వసంతం నుంచి ఇంకొక మార్పు కూడా వచ్చింది. అతను సాయంత్రాలు రెండోసారి గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. కారణం విల్డా ప్రాథర్, కౌంటీ వారసత్వ సంఘానికి అధ్యక్షురాలు, వితంతువు, అరవై ఆరేళ్ళకూ నడుము వంగని మనిషి. న్యాయస్థానం వెనకనున్న ఖాళీ భవనంలో ఆవిడ 'పాతకాలపు దుకాణం' ఒకటి ఏర్పాటు చేయిస్తోంది. సరుకంతా ఆంబ్రోస్ ఇస్తున్నాడు. ఆగస్టు ఆఖరి శనివారం ప్రారంభం. కొంగ బోర్డు గుమ్మం మీద వేలాడాలి.

ఆ వేసవి నేను ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోలేదు. పుస్తకం తెరిస్తే రెండో పేజీలో లేచేదాన్ని. చిక్కుడు తీగలకు నీళ్ళు పోసి, పోశానో లేదో అని మళ్ళీ వెళ్ళేదాన్ని. శనివారం వచ్చేసరికి ఆంబ్రోస్ కాఫీ తాగకముందే ట్రక్కులో కూర్చుని ఉండేదాన్ని.

తను కొన్న కొట్టం దారి సరిగ్గా గుర్తులేదని ఆంబ్రోస్ నన్ను మొదట తీసుకెళ్ళింది నది అవతలే, హోబర్ట్ సైప్స్ అనే పాత సామాన్ల వ్యాపారి కొట్టానికి. ముందురోజు వాన పడింది. గేటు నుంచి కొట్టం దాకా బురద మీద ఎనామిల్ పట్టీలు వరసగా పరిచి ఉన్నాయి, మెట్టురాళ్ళలాగా. ఎల్మర్ గాట్స్. ఫెల్ప్స్ సోదరులు. యు. ఎస్. బాక్‌హోర్న్, పిండి, మేత. అన్నీ ముఖం పైకి పెట్టి ఉన్నాయి.

"జాగ్రత్తమ్మగారూ, పట్టీల మీద నడవండి, బూట్లు పాడవుతాయి," అన్నాడు సైప్స్.

నేను బురదలో నడిచాను.

"ఇవన్నీ మీరు కోసినవేనా?"

"నేను కొన్ని, మా నాన్న కొన్ని. పారెయ్యడానికి మనసొప్పదు చూడండి, మంచి ఇనుము." గర్వంగానే చెప్పాడు. "కొనేవాడు హాల్లో తగిలించుకుంటాడు కదా. ఎవడో బాక్‌హోర్న్ పేరు ఆయన సోఫా మీద ఎందుకు? చూడగానే చిన్నప్పటి కొట్టు గుర్తు రావాలి. ఫలానా వాడి కొట్టు అంటే ఇక గుర్తు రాదు."

"ఆ ఫలానా వాడికి గుర్తొస్తుంది."

"వాడు పోయాడు కదమ్మగారూ," అన్నాడు సైప్స్, నాకు తెలియదేమో అన్నంత దయగా.

ఒక్కొక్క పట్టీ మీద బురద నా రుమాలుతో తుడిచి చదివాను. ఆంబ్రోస్ గేటు దగ్గరే నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. కోసిన అంచులన్నీ గోధుమరంగుకు తిరిగి, కొరికినట్టు అరిగిపోయి ఉన్నాయి. మా అమ్మ వాటిలో లేదు.

కొట్టం లోపల అద్దాల పెట్టెలో, మెత్తటి గుడ్డ మీద, ఒక అట్టముక్క ఉంది. కిటికీకి తగిలించుకునే రకం. ఎరుపు, తెలుపు, నీలం అంచు. 'ఈ దుకాణం నూటికి నూరుపాళ్ళు అమెరికన్.'

"మీ కన్ను మంచిదమ్మగారూ," అన్నాడు సైప్స్. "ఇది చాలా అరుదు. చాలామంది కాల్చేశారు. దీన్ని మాత్రం నేను కొయ్యను."

ఆంబ్రోస్ పెట్టె మూత తెరిచి, ఆ అట్టను బోర్లా తిప్పి, మళ్ళీ మూత వేశాడు. బయటికి వెళ్ళిపోయాడు.

ఆ అట్ట ఏమిటో మా వయసువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1924లో, నల్లవాళ్ళూ యూదులూ కాథలిక్కులూ అమెరికన్లే కారనే తెల్ల ముసుగుల సంఘం మా కౌంటీలో దాన్ని ఇంటింటికీ పంచింది. మెయిన్ స్ట్రీట్‌లో దాదాపు ప్రతి కిటికీలోనూ అది వేలాడింది. కాథలిక్కులమైన మా కొట్టులో, యూదుడైన దర్జీ ఫ్లీగెల్ కొట్టులో తప్ప. అప్పటిదాకా అమ్మ దగ్గర పిండి, కిరసనాయిలు తీసుకెళ్ళినవాళ్ళు రోడ్డుకు అవతలి పక్కన నడవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం మేము ప్రార్థన నుంచి తిరిగొచ్చేసరికి బోర్డు మీద తూటా కన్నాలున్నాయి. సోడాకు గానీ కొంగకు గానీ ఒక్కటీ తగల్లేదు. అన్నీ పేరు మీదే.

అమ్మ బోర్డు తీయలేదు. తుప్పు పట్టకుండా ఆ కన్నాల్లో ఎర్ర లక్క కరిగించి పోసింది, జాడీల మూతలకు వాడే లక్క. ఆ తర్వాత పదిహేడేళ్ళు ఆ ఎర్రచుక్కల కిందనుంచే జనం లోపలికి వచ్చారు. మెల్లగా, ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ క్షమించమనలేదు. చక్కెర అడిగారు. అమ్మ తూచి ఇచ్చింది.

తిరిగి వస్తూ వంతెన మీద ఆంబ్రోస్ అన్నాడు, "అరవై ఏళ్ళ కిందటి సంగతి టిల్లీ."

"అరవై రెండు."

"అదే చెప్తున్నా. నువ్వు లెక్కపెడుతూ కూర్చుంటావ్. అమ్మే మర్చిపోయింది."

"అమ్మ మర్చిపోలేదు. దాని గురించి మాట్లాడలేదు. ఆ రెండూ ఒకటి కావు."

"నీతో పడలేను బాబూ," అని రేడియోలో బేస్‌బాల్ పెట్టాడు.

జూలై మధ్యలో ఒకరోజు బోర్డు వెనక ఊడుద్దామని దాన్ని గోడ నుంచి కాస్త వంచాను. ఇంట్లోకి తెచ్చినప్పటినుంచీ అది భోజనాల గదిలో అడుగు అంచు నేలకు ఆని నిలబడే ఉంది. ఆ అంచు మీద వేలు పెట్టాను. కోసిన చోట ఎనామిల్ పెళ్ళలుగా లేచి ఉంది. దాని కింద ఇనుము గోధుమరంగులో లేదు. కొత్త చెంచాలా మెరుస్తోంది. ఒక చివర మాత్రం, కిటికీ తడి తగిలిన చోట, నారింజరంగు తుప్పు అప్పుడే మొలకెత్తుతోంది.

సైప్స్ వాకిట్లో అన్ని అంచులు చూసిన తర్వాత ఇందులో నాకు అనుమానానికి ఏమీ మిగల్లేదు. ఈ కోత వయసు వారాల్లోనే ఉంది.

ఊడ్చడం పూర్తి చేశాను. మధ్యాహ్నం ఆంబ్రోస్ భోజనానికి వచ్చాక అడిగాను, "ఈ శనివారం ఎటు వెళ్దాం?"

అతను గ్లాసు దించాడు. "ఇంకా వెతుకుతావా?"

"దొరికేదాకా."

వెళ్ళాం. ఆ శనివారం, తర్వాతి శనివారం, ఆ తర్వాతది. అతను నడిపాడు, నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కూర్చున్నాను. మొక్కజొన్న చేలు, సోయా చేలు, కొట్టాలు, కొట్టాల్లో చచ్చిన ఎలుకల వాసన. ప్రతిచోటా నేను ఒకే ప్రశ్న అడిగాను: పేరు పట్టీ, తెల్ల అక్షరాలు, ఎర్ర చుక్కలు. ప్రతిచోటా ఆంబ్రోస్ నా వెనక నిలబడి, ఎప్పుడూ చూడనివాడిలా తల అడ్డంగా ఊపాడు. ట్రక్కులో మాత్రం ఆగకుండా మాట్లాడేవాడు. వాన గురించి, మోకాలి గురించి, మా చిన్నాన్న గాడిద గురించి. దారిలో ఆపి, ప్లేటుకు బయట వేలాడేంత పెద్ద పంది మాంసపు శాండ్‌విచ్‌లు కొనిపెట్టేవాడు.

"తిను టిల్లీ. చిక్కిపోతున్నావ్."

"నువ్వు తిను. డ్రైవింగ్ నీది."

ఒకసారి, ట్రక్కు ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఏదో చెప్పబోయాడు. నేను సాయం చేయలేదు. చివరికి, "ఈ ఏడు మిడతలు ఎక్కువ," అన్నాడు.

ఆగస్టు మొదటి ఆదివారం విల్డా ప్రాథర్‌ను భోజనానికి పిలిచాడు. నేను కోడిమాంసం, నూడిల్స్, చిక్కుడుకాయలు చేశాను. విల్డా తెల్లటి చేతితొడుగులు విప్పి తక్కెడ మీద పెట్టింది. ముల్లు అర అంగుళం కదిలింది.

"అన్నీ సిద్ధమవుతున్నాయి మిస్ టెబ్బె," అంది. "పొయ్యి వచ్చింది, ఊరగాయల పీపా వచ్చింది. బల్ల వెనక నిలబెట్టడానికి ఇండియానాపొలిస్ నుంచి బొమ్మ కూడా వచ్చింది. తెల్ల గడ్డం, ఏప్రను, చెవి మీద పెన్సిలు. తాత జాష్ అని పేరు పెట్టాం. ఎంత ముద్దొస్తున్నాడో!"

"మన కౌంటీలో జాష్ అనే కొట్టువాడు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకే. ఒక్కరి పేరు పెడితే మిగతా కుటుంబాలు నొచ్చుకుంటాయి కదా. ఇది అందరి కొట్టు కావాలి." నూడిల్స్ వడ్డించుకుంది. "ఆ రోజులే వేరు. ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేవాళ్ళం."

"మీ నాన్నగారి ఇనుప సామాన్ల కొట్టు కిటికీలో ఒక అట్ట ఉండేది. గుర్తుందా?"

"టిల్లీ," అన్నాడు ఆంబ్రోస్.

"నాకప్పుడు నాలుగేళ్ళు మిస్ టెబ్బె." విల్డా ఫోర్కు కింద పెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. "నేను అవన్నీ దాస్తున్నానని మీరనుకుంటున్నారు. కాదండీ. బడిపిల్లలు వస్తారు. అన్నిటికంటే ముందు ఆ కన్నాలు చూసి, ఇవేంటని అడిగితే ఏం చెప్తాం? అందుకే ఆంబ్రోస్‌తో అన్నా, ఆ కింది ముక్క లేకుండా చేస్తే బాగుంటుందని. పాపం, చాలా ఆలోచించాడు. మీరిద్దరూ మాట్లాడుకునే చేశారనుకున్నా."

గోడ గడియారం చప్పుడు కూడా లేదు, ఆంబ్రోస్ సేకరించిందే కాబట్టి అది నడవదు.

"చిక్కుళ్ళు ఇటివ్వు టిల్లీ," అన్నాడు ఆంబ్రోస్.

ఇచ్చాను.

ఆవిడ వెళ్ళాక గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అడిగాను. "ఎక్కడుంది?"

"కోళ్ళ గూట్లో. గుడ్లు పెట్టే అరల అడుగున వేశా."

"ఏ ముఖం పైకి?"

అతను తువ్వాలు అందుకుని ఒక ప్లేటు తుడిచాడు. "పేరు కిందికి. గడ్డి వేశా మీద."

"నన్ను ఇన్ని శనివారాలు తిప్పావు."

"నువ్వే వెళ్దామన్నావ్!" గొంతు పెంచాడు, వెంటనే తగ్గించాడు. "నీకు తెలుసు కదూ. ఎప్పట్నించి?"

"జూలై నుంచి."

"మరి ఎందుకు తిప్పించావ్ నన్ను?"

"నువ్వు చెప్తావేమోనని."

తుడిచిన ప్లేటునే మళ్ళీ తుడిచాడు. "పారెయ్యలేదు టిల్లీ. అమ్మ పేరు ఎలా పారేస్తాను? మన పేరు మన దగ్గరే ఉంచుకుందాం, కొంగని ఊరికిద్దాం అనుకున్నా. అందులో తప్పేంటి? నాకూ ఒక్కసారి ఈ ఊళ్ళో... అందరితో కలిసి ఉండాలనుంది. తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో ఎవడూ నా పక్కన కూర్చోలేదు. నీకు గుర్తుందో లేదో."

గుర్తుంది. అతను ఏడుస్తూ ఇంటికి వచ్చి, బోర్డు మీది పేరు తీసెయ్యమని అమ్మను బతిమాలిన రోజు కూడా గుర్తుంది. ఆ పని అతను చివరికి తన చేత్తోనే, రేకు కత్తెరతో పూర్తి చేశాడు. జాలి కలగకపోలేదు. కానీ నేను కోళ్ళ గూటికి వెళ్ళి, పెట్టల్ని లేపి, పట్టీ బయటికి తీశాను. బకెట్టు నీళ్ళతో కడిగాను. 'రోసీనా'లో రెండు ఎర్రచుక్కలు ఊడిపోయాయి. మిగతావి ఉన్నాయి.

ఆ తర్వాత మేము ఒకే ఇంట్లో ఉప్పు ఎక్కడుందో అడగడానికి తప్ప మాట్లాడుకోలేదు. పట్టీ వంటింట్లో, బల్లకు ఆనించి, పేరు అతని కుర్చీ వైపు తిరిగి ఉంది. అతను కుర్చీ మార్చలేదు.

ఆగస్టు ఆఖరి శనివారం నేను పట్టీని దుప్పట్లో చుట్టి, తలుపులు తెరిచే వేళకు ముందే పాతకాలపు దుకాణానికి వెళ్ళాను. బ్యాండు వాళ్ళు బయట బూరలు సరిచూసుకుంటున్నారు. కొంగ బోర్డు గుమ్మం మీద ఎక్కింది. లోపల మా భోజనాల గది అంతా అరల్లో సర్ది ఉంది. అన్నీ ఖాళీ డబ్బాలు. తాత జాష్‌ను నడుం పట్టుకుని ఎత్తాను, ఊహించినంత బరువు లేడు. పొయ్యి పక్కన పీపా మీద కూర్చోబెట్టాను. మా కొట్టులో గడ్డాలవాళ్ళు ఎప్పుడూ కూర్చున్నది అక్కడే, పని చేసింది ఎప్పుడూ లేదు. పట్టీని బల్ల మీద నిలబెట్టి, పేరు గుమ్మం వైపు తిప్పి, వెనక నిలబడ్డాను.

ముందు వచ్చింది ఆంబ్రోస్. కొత్త చొక్కా, రెండుసార్లు గీసిన గడ్డం. వెనక గుమ్మంలో విల్డా ఆగిపోయింది.

అతను పట్టీని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత చిన్నప్పటి గొంతు తెచ్చుకుని, జేబులో చేతులు పెట్టుకుని, బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒక పౌను చక్కెరివ్వండమ్మగారూ."

"చక్కెర లేదు," అన్నాను. "నీకేం కావాలో సరిగ్గా అడుగు."

బయట బ్యాండు ఒక పాట మొదలుపెట్టి ఆపింది. ఆంబ్రోస్ టోపీ తీశాడు. నేను ఎదురుచూశాను. అమ్మ పదిహేడేళ్ళు తూచి ఇచ్చింది. నేను ఇవ్వదలుచుకోలేదు.

"ఆంబ్రోస్," అంది విల్డా, "జనం వచ్చేస్తున్నారు."

"రానీ," అన్నాడు. పట్టీని రెండు చేతులా ఎత్తుకుని ఆవిడ పక్కనుంచి బయటికి నడిచాడు. ఆవిడ అడ్డుకోలేదు, దారి ఇచ్చింది. ఆ నవంబరులో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. మా ఇల్లు ఖాళీ అయి, ప్రతి మాటా గోడలకు తగిలి వెనక్కి వచ్చేంత పెద్దదయింది. కానీ అది తర్వాతి సంగతి. ఆ ఉదయం నేను బయటికి వచ్చేసరికి అతను ట్రక్కులోంచి కన్నాలు వేసే మర, బోల్టులు తీస్తున్నాడు.

"నిచ్చెన పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. డెబ్బై ఒక్కేళ్ళ మోకాళ్ళు నా మొహం పక్కనుంచి ఒక్కో మెట్టే ఎక్కాయి. కింద జనం గుమిగూడారు. కొందరు తలెత్తి పేరు చదివారు, కొందరు చదివి బ్యాండు వైపు తిరిగారు. అతను పట్టీని బోర్డు కింద పెట్టి చూశాడు, జరిపాడు, మళ్ళీ చూశాడు.

"టిల్లీ, మధ్యలో సందు వస్తోంది. కోసినచోట ముక్క పోయింది. ఎంత జరిపినా అతుకు కలవదు."

"కలవనక్కర్లేదు," అన్నాను. "కోసినట్టే కనిపించనీ."